గుడిసె ముందు ఆపిన ఆట

ముందే చెప్పేస్తున్నాను, నాకు వీడియో గేములంటే పడదు. ఇరవై ఆరేళ్లుగా ఆ గేములాడే డబ్బాలు బాగుచేసి ఇల్లు నడుపుతున్నాను, అది వేరే సంగతి. పళ్ళ డాక్టరుకు అందరి నవ్వులూ నచ్చాలని ఎక్కడుంది?

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా దుకాణం. నేనూ, మా అమ్మాయి ఉజ్వలా కూర్చుంటాం. విప్పడం, బిగించడం నా పని. కస్టమర్లతో మాట్లాడడం తన పని. నాకు నోటి దురుసు ఎక్కువని ఆ ఏర్పాటు తనే చేసింది.

దుకాణంలో ఒక పద్ధతి ఉంది. డబ్బాలో నేను ముట్టుకున్న ప్రతిదీ, ఒక్క స్క్రూ మార్చినా సరే, స్లిప్పు మీద రాస్తాను. కార్బన్ కాపీ నా దగ్గర ఉంటుంది. స్లిప్పు అడుగున అచ్చు వేయించిన వాక్యం ఒకటి: ‘పై పనులన్నీ నా అనుమతితోనే జరిగినవి.’ దాని కింద కస్టమరు సంతకం. మంచి సామాను తీసి పాతది పెడతారేమోనని జనానికి ఎప్పుడూ అనుమానమే కదా, అందుకని మొదలుపెట్టాను. ఇప్పుడది నా పొగరు. దానికి వేరే పేరు లేదు.

మొన్న మంగళవారం పవన్‌కుమార్ అనే అతను హిమాయత్‌నగర్ నుంచి ఒక డబ్బా తెచ్చిచ్చి వెళ్ళాడు. అరగంట ఆడగానే వేడెక్కి ఆగిపోతోందట. ఇంట్లో పిల్లలదై ఉంటుందని నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. గురువారం విప్పి ఫ్యాను దుమ్ము దులిపాను, చిప్పు మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాశాను, రెండు స్క్రూలు మార్చాను. ఇక గంటసేపు ఏదైనా ఆట నడిపితేగానీ వేడి సంగతి తేలదు. మామూలుగా నా కార్ల పందెం డిస్కు పెడతాను. అది గీతలు పడి ఆరోజే మొరాయించింది. వాళ్ళ డిస్కు డబ్బాలోనే ఉంది కాబట్టి దాన్నే నడిపాను. కొత్తగా మొదటినుంచి మొదలుపెట్టి ఉంటే ఏ గొడవా లేకపోయేది. బుద్ధి గడ్డి తిని, వాళ్ళు ఆపినచోటి నుంచే సాగించాను.

తెర మీద వాన పడుతోంది. నడుముకు కత్తి కట్టుకున్న ఒక ఆడమనిషి ఒక గుడిసె ముందు నిలబడి ఉంది. బటన్ నొక్కగానే లోపలినుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఏదో మాట్లాడింది. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మామూలుగా నేను చదవను. ఆరోజు ఎందుకు చదివానో తెలియదు.

సంగతేమిటంటే, ఊళ్ళో జ్వరాలతో పిల్లలు పోతున్నారు. ముసలమ్మ చేతబడి చేసిందని పుకారు. రాజుగారి సిపాయిలు కాగడాలతో ఊరి చుట్టూ నిలబడ్డారు. సాయంత్రంలోగా ఆమెను అప్పగించకపోతే నలభై గడపలూ తగలబెడతారు. తెర మీద రెండు మాటలు వచ్చాయి. ఒకటి, అప్పగించు. రెండు, దాచిపెట్టు. వాటి కింద ఒక ఎర్ర గీత పొట్టిదైపోతూ వచ్చింది. కంట్రోలర్ బల్లమీద పెట్టేసి ఊరుకోవచ్చు కదా! పెట్టలేదు. నలభై గడపలు, ఒక్క ముసలమ్మ. గీత అయిపోయేలోగా నొక్కాలని నాకే ఆత్రం పుట్టింది. అప్పగించాను.

ముసలమ్మ ఏడవలేదు. కత్తి మనిషి వైపు తిరిగి, “ఇన్నాళ్ళూ పూలు తెచ్చింది ఇందుకేనా, బిడ్డా?” అంది. ఏం పూలో నాకు అర్థం కాలేదు. ఆమెను తీసుకుపోయారు. తర్వాత తెర మీద ఊరు కనిపించింది. కాలలేదు. కానీ ఒక్కొక్క గడపా మూతపడుతోంది. జ్వరానికి మందు తెలిసింది ఆ ముసలమ్మ ఒక్కతికేనట. అది ముందే చెప్పి చావొచ్చు కదా!

డబ్బా మాత్రం పరీక్ష నెగ్గింది. గంటా పది నిమిషాలైనా వేడెక్కలేదు.

ఉజ్వల వచ్చి తెర చూసి నెత్తి పట్టుకుంది. ఈ డబ్బా వాళ్ళు ఆడేది కష్టమైన పద్ధతట. అందులో ఆట ఎప్పటికప్పుడు తనంతట తనే భద్రమైపోతుంది, పాతది చెరిగిపోతుంది, వెనక్కి వెళ్ళే దారి లేదు. పైగా రెండొందల పన్నెండు గంటలు ఆడిన ఆట. పోనీ ముసలమ్మను దాచి ఉంటే బాగుపడేదా అని అడిగాను. దాస్తే ఊరు కాలిపోతుందట, ఎటు చూసినా చావేనట. అలా ఎందుకు రాస్తారో, డబ్బులిచ్చి జనం ఎందుకు కొంటారో, నా బుర్రకు ఎక్కలేదు.

“స్లిప్పు మీద గిదంతా రాయకు డాడీ. వాళ్ళే నొక్కి మర్చిపోయిన్రు అనుకుంటరు,” అంది ఉజ్వల.

రాయకపోతే ఎవరూ వాకబు చెయ్యరన్నది నిజమే. మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాను. అత్తిపళ్ళ ఐస్‌క్రీమ్ కొనుక్కుని సగం తిని వదిలేశాను. అదొక బొమ్మ, బొమ్మకు చావేమిటని నాకు నేనే చెప్పుకున్నాను. మరి బొమ్మే అయితే, నేను గడపలు లెక్కపెట్టింది దేనికి? పరాయివాళ్ళ ఆట చెడగొట్టినందుకు సిగ్గుపడుతున్నానా, ముసలమ్మను అప్పగించినందుకా? ఈ రెండూ చిక్కుపడిపోయాయి, ఏ కొస పట్టుకోవాలో తెలియలేదు. నాకు భయంగా కూడా ఉంది. ఒక్కసారి రాయకుండా వదిలేస్తే ఇన్నేళ్ళ స్లిప్పులూ ఉత్త కాగితాలైపోతాయి.

తిరిగొచ్చి మూడు పనుల కింద నాలుగో వరుస రాశాను: ‘పరీక్ష కోసం మీ ఆట ఆడాను. గుడిసెలోని ముసలమ్మను సిపాయిలకు అప్పగించాను. వెనక్కి తేలేను.’ ఉజ్వల చదివి, నాకేదో అయిందన్నట్టు చూసి, చాయ్ తెస్తానని వెళ్ళిపోయింది.

అయిదింటికి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై అయిదు దాటి ఉంటాయి. జరీ లేని నేత చీర, మెడలో తాడు కట్టిన కళ్ళజోడు. పేరు నాగరత్నమనీ, పవన్‌కుమార్ తన అల్లుడనీ చెప్పింది. మనవడి డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చారా అని అడిగాను. డబ్బా తనదేనంది. ఆడేదీ తనేనట.

స్లిప్పు ఆమె ముందు పెట్టాను. జనం చదవకుండా సంతకం చేస్తారు. ఆమె వేలుపెట్టి మాట మాట చదివింది. నాలుగో వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

“తప్పయిపోయింది అమ్మా. కింద ఆ అనుమతి లైను కొట్టెయ్యండి,” అన్నాను.

ఆమె కోప్పడలేదు. అదే నన్ను ఇంకా తికమక పెట్టింది. కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. ముసలమ్మను పలకరించనంతసేపూ ఆటలో సాయంత్రం కాదట. అదీ, ఆపైన ఆట ఏం అడుగుతుందో కూడా ఎక్కడో చదివి, మూడు నెలలుగా పలకరించడం మానేసింది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అడవిలోకి వెళ్ళి, పూలు కోసుకొచ్చి, గుడిసె గడప మీద పెట్టి ఆపేసేదట.

“నాంపల్లి కోర్టులో ముప్పై రెండేళ్లు స్టెనోగా చేశానండీ. ఎన్ని తీర్పులు టైపు చేశానో. నీ ఉద్దేశమేమిటని నన్ను ఎవరూ అడగలేదు. ఈ ఆట అడుగుతోంది. ఆ గుడిసె ముందుకొచ్చేసరికి నాకు చెయ్యాడలేదు.”

నలభై గడపలున్నాయని నొక్కానన్నాను. ఇంత పెద్దమనిషి ముందు ఆ మాట నాకే చేతకాని సాకులా వినపడింది.

“నేనైనా అదే నొక్కేదాన్ని,” అంది నాగరత్నమ్మ. “ఆ సంగతి తెలిసే నొక్కలేదు.”

పెన్ను తీసుకుంది. అనుమతి వాక్యం కొట్టేస్తుందనుకున్నాను. కొట్టెయ్యలేదు. దాని కింద పొందికగా సంతకం పెట్టింది, తారీకు కూడా వేసింది. నన్ను వదిలేసిందో, నా తప్పులో వచ్చి తనూ నిలబడిందో నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

డబ్బా సంచిలో పెట్టుకుని మెట్టు దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి అడిగింది.

“తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ ఏమైనా అందా?”

పూల సంగతి నాకు అప్పటికి అర్థమైపోయింది. ఆమె నా నోటివైపే చూస్తోంది.

“ఏమనలేదమ్మా,” అన్నాను.

ఆమె తలూపి ఆటో ఎక్కింది. ఉజ్వల తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను. నాలుగు వరుసలూ ఉన్నాయి, సంతకమూ ఉంది. అయిదో వరుస రాయాలని పెన్ను తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఇరవై ఆరేళ్లలో నేను ముట్టుకుని స్లిప్పు మీద ఎక్కించనిది ముసలమ్మ అన్న ఆ మాట ఒక్కటే. చేసింది తప్పో ఒప్పో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలడం లేదు.