మీటరాయన బండి తాళంచెవి

పొద్దున్న ఆరు కొట్టేసరికి మీటరాయన ఇంట్లో రెండు పనులు మొదలయ్యేవి. ఒక మనిషి ఆఫీసు చొక్కా తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, నల్ల మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి, ఊళ్లో నీళ్ల మీటర్లు చదవడానికి వెళ్లిపోయేది. ఇంకో మనిషి వంటింట్లోకి వెళ్లి, అలమర తాళం తీసి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చునేది. బండి మీద వెళ్లింది మీటరాయన అనీ, ఇంట్లో ఉన్నది ఆయన భార్య అనీ వీధి వీధంతా అనుకునేది. పదకొండు నెలలుగా వీధి అలా పొరపాటు పడుతూనే ఉంది.

సంగతేమిటంటే, మీటరాయనకి చూపు తగ్గిపోయింది. ఎదురుగా ఉన్నది మనిషో గుంజో తెలిసేది గానీ, మీటరు గాజు కింద అంకెలు మాత్రం అలుక్కుపోయి కనిపించేవి. డాక్టరు పరీక్ష చేసి పెదవి విరిచాడు. ఈ మాట ఆఫీసులో పొక్కితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటే ఆఫీసువాళ్లిచ్చిన ఈ రెండు గదుల ఇల్లూ పోతుంది. వేరే చోటుకి వెళ్దామంటే వెళ్లడానికి చోటంటూ లేదు. ఆయన రెండు రోజులు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు ఆవిడ ఆయన చొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, జుట్టంతా హెల్మెట్‌లోకి తోసేసింది.

"నేనెళ్లొస్తానండీ. మీరు పొయ్యి మీద కూర చూస్తూ ఉండండి. మాడిందో, మిమ్మల్నే తినమంటా," అంది.

బండి నడపడం పెళ్లికి ముందు అన్నయ్య దగ్గర నేర్చుకున్న విద్య. మిగిలింది దారిలోనే నేర్చుకుంది. ఏ గేటు పక్కన మీటరు గుంట ఉందో, ఏ మూత తుప్పు పట్టి మొరాయిస్తుందో, ఏ గుంటలో కప్ప కాపురం పెట్టిందో అన్నీ పట్టేసింది. తడిగుడ్డతో గాజు తుడిచి, అంకెలు రాసుకుని, చెవి దగ్గరపెట్టి పైపు చప్పుడు వినేది. చప్పుడు తేడాగా ఉంటే ఒక చీటీ రాసి తలుపు సందులో దోపేది. "మీ పెరటి గోడ కింద పైపు కారుతోంది. బాగు చేయించుకోండి." ఎవరన్నా పలకరిస్తే గొంతు చూపించి, మాట పోయిందన్నట్టు చెయ్యి తిప్పేది. పాపం మీటరాయనకి గొంతు పోయినా పని మాత్రం పదునెక్కిందని జనం మెచ్చుకునేవాళ్లు. ఆ పొగడ్తలన్నీ ఆయన ఖాతాలో పడుతున్నా ఆవిడకి బాధ లేదు. ముప్పై ఏళ్లుగా ఎవరూ తనని నమ్మి ఇంత పని అప్పజెప్పలేదు. ఆ దారి తనదన్న సంతోషం ఒక్కటి చాలనుకునేది.

ఆయన కూడా వంటింట్లో స్థిరపడ్డాడు. మొదటి నెల ఉప్పుతో యుద్ధం చేశాడు. తర్వాత చేతి స్పర్శతోనే వంకాయ ముదురో లేతో చెప్పే స్థాయికి వచ్చాడు. పక్కింటి పిల్లి అలమర తలుపు తీయడం నేర్చుకుంటే, దానికో తాళం బిగించి, రోజుకి పాతికసార్లు తీసి వేస్తూ పిల్లి మీద గెలిచానని మురిసిపోయేవాడు.

ఇలా సాగిపోతుండగా ఒక సోమవారం, బట్టలకి రంగులేసేవాళ్ల సందులో ఆఖరి ఇంటి దగ్గర, ఆవిడ మీటరు గుంటలోకి వంగింది. చొక్కా జేబులోంచి తాళంచెవి జారింది. బుడుంగుమన్న చప్పుడు వినిపించింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది గానీ, గుంట అడుగున ఉన్న తూము అప్పటికే దాన్ని మింగేసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, హెల్మెట్ తియ్యకుండా, బండిని ఇంటిదాకా తోసుకొచ్చింది.

"రెండో తాళంచెవి ఉండాలే?" అన్నాడాయన.

"ఉండేది. ఆరేళ్ల కింద మీరే పోగొట్టారు."

"అవునవును," అని ఆయన తల గోక్కున్నాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి అసలు సంగతి గుర్తొచ్చి, ఇద్దరూ కుర్చీల్లో కూలబడ్డారు.

ఆ ఊళ్లో పోయిన తాళంచెవి స్థానంలో కొత్తది రావాలంటే తాళాల పెద్దమ్మ దగ్గరికే వెళ్లాలి. జిరాక్సు కొట్టు మెట్ల కింద ఆవిడ స్థలం. కోసే మిషను లేదు, ఆకురాయి లేదు. ఒక చిన్న పొయ్యి, నూనె గిన్నె, డబ్బా నిండా పళ్లు లేని మొండి తాళంచెవులు, అంతే. మొండిదాన్ని కాస్త వెచ్చబెట్టి, నూనెలో ముంచి, వచ్చినవాళ్ల అరచేతిలో పెట్టి గుప్పిట మూయమనేది. ఆ చెయ్యి రోజూ తిప్పే తాళం ఏదో ఆ చేతికి గుర్తుంటుంది. గుప్పిట్లోనే ఇత్తడికి పళ్లొచ్చేవి. తిప్పని చేతిలో మొండిది మొండిగానే ఉండిపోయేది. అందుకే దొంగలు ఆ మెట్ల వైపు వచ్చేవాళ్లు కాదు. ఆఫీసులు కూడా కాగితం కన్నా ఆ గుప్పిటనే నమ్మేవి. ఆఫీసు బండి తాళంచెవి పోతే, బండి ఎవరి పేరున ఉందో వాళ్లు సూపర్‌వైజరు కళ్ల ముందే గుప్పిట మూయాలి.

తాళంచెవి పోయిందని కబురు అందగానే, ఆఫీసువాళ్లు మీటరాయనని బుధవారం పదింటికి అక్కడికి రమ్మన్నారు.

మంగళవారమంతా ఆయన బండి పక్కన పీట వేసుకుని, దువ్వెన తోక తాళం కన్నంలో పెట్టి తిప్పుతూనే ఉన్నాడు. పదకొండేళ్లు ఇదే బండి నడిపిన చెయ్యి కదా, కాస్త గుర్తు చేస్తే దారికొస్తుందని ఆశ. సాయంత్రానికి మణికట్టు వాచింది. ఆవిడ కాపడం పెడుతూ, "వస్తుందంటారా?" అని అడిగింది. "ఎందుకు రాదూ!" అన్నాడాయన. చేతిని మభ్యపెట్టొచ్చని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు.

బుధవారం ఇద్దరూ కలిసి బండిని తోసుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చారు. అప్పటికే సూపర్‌వైజరు చంకలో ఫైలుతో నిలబడి ఉన్నాడు. నవ్వితే హోదా తగ్గుతుందనుకునే మనిషి. వెనక వరసలో తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు, ఏ పనీ లేక చూడ్డానికొచ్చినవాళ్లు పది మంది.

పెద్దమ్మ దారం కట్టిన కళ్లజోడు సర్దుకుని, మొండిదాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. "గట్టిగా మూయి నాయనా. వేరే ఏం ఆలోచించకు, చెయ్యి చూసుకుంటుంది."

ఆయన మూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. కాసేపటికి, గొంతు పోయిందన్న నాటకం మరిచిపోయి, "కదిలింది!" అని అరిచాడు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది, అది తప్పు సంతోషమని మాత్రం రోజూ బండి తాళం తిప్పే ఆవిడ చెయ్యి ముందే చెప్పేసింది.

పెద్దమ్మ ఆయన గుప్పిట విప్పి, తాళంచెవిని తీసి, వెలుతురు వైపు తిప్పి చూసింది. వాసన చూసింది.

"నాయనా, ఇది బండిది కాదు. అలమరది. అదీ వంటింటి అలమరది. ఉల్లిపాయ వాసన కూడా పోలేదు."

వెనక వరస పగలబడి నవ్వింది. సూపర్‌వైజరు నవ్వలేదు.

"ఏమయ్యా, పొద్దస్తమానం బండి మీద తిరిగేవాడివి. నీ చేతికి వంటింటి అలమర ఎందుకు గుర్తుందయ్యా?"

మీటరాయన భార్య ఎక్కడుందోనని తల తిప్పాడు, ఆవిడ లేనివైపు తిప్పాడు. ఆ తల తిప్పడంలోనే సూపర్‌వైజరుకి సగం అర్థమైపోయింది. ఆయన ఫైలు మూసేశాడు.

"బండిని వ్యానులో ఎక్కించుకుపోతాను. రేపు నువ్వు ఇంటి తాళాలు తీసుకుని ఆఫీసుకి రా."

"నాదే తప్పు సార్. ఈవిడకేం తెలీదు," అన్నాడు మీటరాయన. బతుకులో ఆయన ఆడిన అబద్ధాల్లో అంత నాసిరకంది ఇంకోటి లేదు.

ఆవిడ చేతిసంచీ కింద పెట్టింది. కొంగుకి అరచెయ్యి తుడుచుకుంది. "పెద్దమ్మా, నాకొకటి ఇవ్వండి," అంది.

పెద్దమ్మ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, డబ్బాలోంచి ఒక మొండిదాన్ని తీసి, పొయ్యి వైపు జరపబోయింది. ఈలోపే ఆవిడ చెయ్యి చాచి దాన్ని అందుకుంది. వెచ్చబెట్టలేదు, నూనె తగల్లేదు. చల్లటి ఇత్తడి మీదే ఆవిడ గుప్పిట మూసుకుంది.

ఎన్నో తాళంచెవులు పుట్టడం చూసిన జనమే. అయినా ఎవరూ కదల్లేదు. ఆవిడ గుప్పిట్లో లోహం ముందు వెచ్చబడింది, ఆ తర్వాత పిచ్చుకపిల్లలా మెదిలింది. ఒక పన్ను లేచింది. అది కుమ్మరివాళ్ల మలుపు, అక్కడ బ్రేకు మీద కాలు ఉండాలి. ఇంకోటి లేచింది. అది బడి వెనక ఎత్తు. ఆవిడకి ఒక్కొక్కటీ తెలుస్తోంది. కప్ప ఉండే గుంట, మూత మొరాయించే గేటు, వానాకాలం మోకాల్లోతు నీళ్లలో బండిని నడిపించుకెళ్లిన సందు, మంచులో అంకెలు కనపడక నోటి ఆవిరితో గాజు తుడిచిన తెల్లవారుజాము. ఒక్క ఇల్లు కూడా తప్పిపోలేదు. వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చ వెలుగు కనిపించింది. జిరాక్సు కొట్టతను మిషను ఆపేసి బయటికొచ్చాడు. నలభై ఏళ్లుగా కూర్చునే ఈ పని చేసిన పెద్దమ్మ, మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది. మీటరాయన భార్యకి ఏడుపొచ్చింది, భయం వల్ల కాదు. తన చేతిలో ఇంత ఉందని తనకే తెలియదు.

గుప్పిట విప్పింది. తాళంచెవి కొత్త కాసులా మెరుస్తోంది.

సూపర్‌వైజరే దాన్ని తీసుకెళ్లి బండికి పెట్టి తిప్పాడు. ముందు దీపం వెలిగింది. ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"పదకొండు నెలలు సార్."

"తలుపుల్లో చీటీలు పెట్టేది మీరేనా?"

"నేనే సార్."

"మా అత్తగారి పెరట్లో పైపు కారుతోందని పెట్టింది కూడా?"

"ఏ ఇల్లు సార్?"

"గేటు పక్కన విరిగిన సైకిలు ఉంటుంది."

"ఆ ఇల్లా! అక్కడ గుంట మూత ఎడంవైపు నుంచి లేపాలి సార్, కుడివైపు పట్టుకుంటే వేలు నలుగుతుంది."

సూపర్‌వైజరు తన కుడిచేతి వేలు ఒకసారి చూసుకున్నాడు. "ఇది మోసమేనమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"మోసమే సార్," అని ఆవిడ ఒప్పుకుంది. "మీరు ఏం చేసినా సరే. కానీ ఆయన చూపు పోయిందని నవ్వొద్దు."

ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు పెద్దమ్మ పీట మీదే కూర్చుని, ఫైలు తొడ మీద పెట్టుకుని, కలం తీశాడు.

"ఆఫీసు రూల్సు పుస్తకం నేను రాయలేదు. ఎవరో మహానుభావులు ఎప్పుడో రాసిపెట్టారు. తాళంచెవి ఎవరి గుప్పిట్లో పుడితే బండి వాళ్ల పేరున రాయాలని ఉంది. బండి ఎవరి పేరున ఉంటే మీటర్లు వాళ్లు చదవాలి, ఇల్లు వాళ్లకివ్వాలి. గుప్పిట ఆడదా మగదా అని అందులో అడగలేదు. నేను అడిగితే బాగుండదు."

ఆయన కాగితం మీద ఒక పేరు కొట్టేసి, పైన ఇంకో పేరు రాశాడు. అక్షరం అక్షరం నింపాదిగా రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఆవిడ చేతికిచ్చాడు. అప్పటికి గానీ కొత్త తాళంచెవి ఇంకా తన చేతిలోనే ఉందని గమనించలేదు. రెండు చేతులతో పట్టుకుని దాన్ని కూడా ఇచ్చాడు.

మీటరాయన తడుముకుంటూ వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"ఏం రాశారు? పోయిందా ఇల్లు?"

"పోలేదండీ."

"మరేం రాశారు? చదవవేం?"

ఆవిడ కాగితం ఎత్తి పట్టుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఫలానా ఆయన భార్యగా, ఫలానా ఇంటావిడగా పిలిపించుకున్న మనిషి, పది మంది మధ్య నిలబడి తన పేరు తను చదివింది. పేరు సగంలో తెగింది.

"సరిగ్గా వినపడలేదు," అన్నాడాయన. వినపడింది. "మళ్లీ చదువు."

ఆవిడ మళ్లీ చదివింది. ఈసారి మెట్ల పైన అద్దెకుండేవాళ్లు కూడా కిటికీ తలుపులు తీసి విన్నారు.