ఇద్దరి బరువు

తెల్లవారుతుండగానే గోనెపట్టాలో ఐసు గడ్డ చుట్టి రోకలితో దంచుతోంది కొండమ్మ. అసలు పేరు అప్పలకొండమ్మ. సముద్రం మధ్య దీవిలోని ప్రోతరాపూర్‌లో అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఎవరికీ లేదు. సత్యారావు గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగతోనే చెప్పాడు.

"ఆదివారం జోగులొస్తాడు. బండికి వెనకున్న రెండు షాకబ్జర్లూ పీకించేసి, మధ్యలో ఒకటే పెట్టించేస్తాను. కుర్రోళ్ళ బళ్ళకి ఉంటాది చూడు, అలాగ."

"ఎందుకు?"

"ఎందుకేటే? నా నడుం చూస్తన్నావు కదా."

చూస్తూనే ఉంది. సత్యారావుకి నడుం పట్టేసి నెల అవుతోంది. ఫెరార్గంజ్‌లో నీళ్ళ పంపు దగ్గర డ్యూటీ చేసి వస్తూ, రోడ్డు మీద గుంతలో బండి ఎగిరి పడ్డ సాయంత్రం మొదలైంది. ఎక్స్‌రే తీశారు, బెల్టు ఇచ్చారు, సెలవు పెట్టించారు. అత్తగారు గురమ్మ మంచం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పిల్లలు గట్టిగా మాట్లాడితే కసిరింది. కొండమ్మ రెండు పూటలా నూనె రాసింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది, లేవదీసింది, పడుకోబెట్టింది. వాటికి ఆమె బాధపడలేదు. నొప్పి నొప్పే కదా. కానీ మూడో రోజు కాపడం పెడుతూ పెడుతూ తన చేత్తో తన నడుమే నొక్కుకుంటున్నానని గమనించి, ఎవరైనా చూశారేమోనని చెయ్యి తీసేసుకుంది.

ఆమె నడుం నొప్పి ఆ బండంత పాతది. సునామీకి ముందు ఏడాది, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ పాత యమహా అమ్ముతుంటే, కొండమ్మ చేపల మీద దాచుకున్నది తీసి కొన్నారు. కొన్న రోజు నుంచీ అది "నా బండి" అయింది సత్యారావుకి. పొద్దున్నే ఇద్దరూ జెట్టీకి వెళ్ళి ఐసు పెట్టెలో చేపలు నింపుకునేవారు. అక్కణ్ణించి అతను డ్యూటీకి, ఆమె ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చేపలమ్మడానికి ఫెరార్గంజ్ దాకా పోయేవారు. మొగుడికీ ఐసు పెట్టెకీ మధ్య మిగిలిన చోటులో ఒకవైపుకి తిరిగి కూర్చునేది. పెట్టె అంచు వెనక నుంచి పొడుస్తూ ఉండేది. మొదటిసారి నొప్పని చెప్పినప్పుడు సత్యారావు, "ఆడోళ్ళకి నడుం నొప్పులు మామూలే కదే," అన్నాడు. కోపంగా కాదు, ఓదార్పుగానే. గురమ్మ అయితే, "ఐదుగుర్ని కన్నాను, గంపలు మోసినాను, ఒక్కనాడైనా నడుం అన్నానేటి?" అంది. నర్సు గులాబీ రంగు మాత్రలిచ్చింది. అందరూ అంత తేలిగ్గా చెప్పేసరికి కొండమ్మ కూడా నమ్మింది. వర్షాకాలంలో గోడలకి చెమ్మ దిగినట్టు ఆడదాని ఒంట్లోకి నొప్పి దిగుతుందని, దానికి కారణం వెతకడం పనిలేని వాళ్ళ పని అని అనుకుంది. ఇప్పుడు మగవాడి నడుం ఒక్క నెల నొప్పి పెట్టేసరికి ఇనుమే కోసి అతికించబోతున్నారు.

ఆదివారం జోగులు మిన్నీ బే నుంచి వెల్డింగు మిషను వేసుకుని వచ్చాడు. అక్కడ అతనికి చిన్న రిపేరు షాపుంది. సత్యారావుతో పనిచేసేవాళ్ళు ముగ్గురు తమాషా చూడటానికి వచ్చారు. కొండమ్మ వాళ్ళకి టీ పెట్టింది, సూరమీను కూర వండింది, మళ్ళీ టీ పెట్టింది. గ్లాసులు కడుగుతుంటే పెరట్లోంచి కేక వినిపించింది.

"కొండమ్మా, ఓసారి ఇటొచ్చి పట్టుకో!"

వెనక చక్రం ఊడదీసేసరికి బండి ఒరిగిపోతోంది. స్నేహితుల చేతుల్లో టీ గ్లాసులున్నాయి. కొండమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుని, సీటు కింద ఫ్రేమును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. నడుం కింద సన్నగా తీపు మొదలైంది. జోగులు వెనక చక్రాన్ని పట్టే చిమ్టాకి కొత్త ఇనుప పట్టీ వెల్డింగు చేసి, సీటు కింద మధ్యలో ఇంకో పట్టీ అతికించాడు. ఆ రెండింటి నడుమ లావుపాటి షాకబ్జర్ ఒకటి నిలబడుతుందట. నిప్పురవ్వలు కొండమ్మ పాదాల దగ్గర రాలుతున్నాయి.

"స్ప్రింగు ఎంత గట్టిది వెయ్యమంటావు భయ్యా?" అడిగాడు జోగులు. "రెండున్నప్పుడు బరువు అవి పంచుకునేవి. ఇప్పుడు మొత్తం దీని మీదే పడతాది. సింగిల్‌కా, డబుల్‌కా?"

"సింగిలే. నేనే కదా తిరిగేది," అన్నాడు సత్యారావు. "మెత్తగా ఉండాల. అదే కావాల నాకు."

జోగులు తలెత్తి, బండిని మోస్తూ నిలబడ్డ మనిషిని చూశాడు. "మరి దీదీ?"

"ఆవిడకి బస్సులున్నాయి యార్. స్టాపు ఇంటి ముందే కదా."

చేతుల్లో ఉన్న ఇనుము ఒక్కసారిగా బరువెక్కినట్టయింది కొండమ్మకి. నేనే కదా తిరిగేది. అతను అబద్ధం చెప్పడం లేదు, దాచడం లేదు, ఆమెను బాధ పెట్టాలనీ అనలేదు. అన్ని వందల పొద్దులు తన వీపుకి ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్న మనిషి అతని లెక్కలోకి రాలేదు, అంతే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. గుర్తే లేకపోతే ఏమనాలి? పెనం మీద దోసె అతుక్కుపోయినప్పుడు పెనాన్ని తిడతారు, బాగా వచ్చినప్పుడు పెనం సంగతి ఎవరూ అనుకోరు. ఇన్నాళ్ళూ బాగా వచ్చిందన్నమాట. ఆమె నోట్లోంచి మాత్రం వేరే ప్రశ్న వచ్చింది.

"పెట్టె ఎక్కడ పెట్టాల?"

"ఏ పెట్టె?" అన్నాడు సత్యారావు.

జోగులే జవాబు చెప్పాడు. "క్యారియర్ ఆ పాత షాకబ్జర్ల బోల్టుల మీదే నిలబడేది దీదీ. అవి తీసేస్తే దానికి ఆనుడు లేదు."

"చూద్దాంలే తర్వాత," అన్నాడు సత్యారావు. ఊడదీసిన క్యారియర్ గోడ పక్కన పడుంటే, ఆ వారంలోనే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు.

సాయంత్రానికి బండి తయారైంది. సత్యారావు రోడ్డు చివరి దాకా పోయి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మక్ఖన్ రా భయ్యా, మక్ఖన్! వెన్నలాగ పోతంది. గుంతలో పడిందని కూడా తెలీలేదు." స్నేహితుల్లో ఒకడు, "వదిన్ని కూడా ఎక్కించు, చూద్దాం," అన్నాడు. కొండమ్మ వద్దంటున్నా వినలేదు. ఆమె సత్యారావు వెనక ఎక్కి కూర్చోగానే వెనక భాగం దబ్బున కుంగి, టైరు మడ్‌గార్డుకి రాసుకుని కీచుమంది.

అందరూ పగలబడి నవ్వారు. "వదినకి సెపరేటుగా ఇంకో షాకబ్జర్ కావాల!" అన్నాడు ఆ స్నేహితుడు. "తగ్గవే అంటే వింటదా," అన్నాడు సత్యారావు. అతను ఆమె కన్నా బాగా బరువు. గుమ్మంలో గురమ్మ కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొండమ్మ దిగి, చీర సర్దుకుని, వాళ్ళతో పాటు నవ్వింది. లోపలికెళ్ళి పొయ్యి ముందు నిలబడ్డాక, ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఆలోచించింది. ఎవరూ అడగకుండానే వచ్చింది. అతిథుల ముందు ఏదైనా పగిలితే గబగబా ఏరి పారేసినట్టు, తన అవమానాన్ని తనే ఏరి పారేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు అలా ఏరిందో. ఈసారి మాత్రం ముక్క ఒకటి చేతిలో గుచ్చుకుని ఉండిపోయింది.

మర్నాటి నుంచి బస్సే. పెట్టెను జెట్టీ నుంచి అక్కడి స్టాపు దాకా తల మీద మోసుకెళ్ళేది. కండక్టరు, "పీఛే రఖో దీదీ, పీఛే," అని చివరి సీటు వెనక పెట్టించేవాడు. ఆఫీసులకెళ్ళేవాళ్ళు ముక్కులు మూసుకునేవారు. ఆమె చేరేసరికి ఫెరార్గంజ్ ఇళ్ళలో సగం మంది వేరేచోట చేపలు కొనేసుకుని, తోమేసుకుని ఉండేవారు. అమ్మకం పడిపోయింది. ఇంట్లో కూర గిన్నె చిన్నదయింది, పిల్లల ట్యూషను మానిపించాల్సి వచ్చింది. అదంతా ఆమె పెట్టెలోంచే వచ్చేదని అప్పటిదాకా ఎవరూ పైకి అనుకోలేదు. "ఇంట్లో కూర్చోరాదేటే, నాకు జీతం వస్తంది కదా," అన్నాడు సత్యారావు. తర్వాత రెండుసార్లు ఇంటి ఖర్చు చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

ఒకరోజు బెంగాలీల పెరట్లో కూర్చుని చేప తోమి, ముక్కలు కోసిచ్చి లేచింది కొండమ్మ. లేచాక అలాగే నిలబడిపోయింది. మోకాలి మీద చెయ్యి వెయ్యలేదు. గోడ పట్టుకోలేదు. మామూలుగా, పదిహేనేళ్ళ పిల్ల లేచినట్టు లేచింది. నడుం కోసం వెతుక్కుంది, నోట్లో ఊడిపోయిన పన్ను కోసం నాలుకతో వెతుక్కున్నట్టు. నొప్పి లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. బస్సు ఎక్కడం మొదలెట్టాక ఏదో ఒక రోజు చెప్పకుండా వెళ్ళిపోయింది. అంటే అది వయసు కాదు. కాన్పులు కాదు. ఆడపుట్టుక అసలే కాదు. ఇంటి ఇల్లాలు "ఏం దీదీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని హిందీలో అడిగింది. "లేదు దీదీ, బాగున్నాను," అంది కొండమ్మ. అన్నాక ఆమెకి ఏడుపొచ్చింది. సంతోషానికి కాదు. ఇన్నేళ్ళు అనవసరంగా పడ్డ నొప్పి మీద వచ్చిన కోపం అది.

అదే వారం బజారులో కామమ్మ పలకరించింది. మిన్నీ బేలో ఉంటుంది, విధవరాలు, గొంతు పెద్దది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి జీపు మాట్లాడుకుని జెట్టీ నుంచి చేపలు తెస్తుంది. "ఏటే, ఆ బస్సులో ఎన్నాళ్ళు దేకుతావు? మా జీపులో ముందు సీటు ఖాళీగుంది. మీ వీధి చివరికొచ్చి ఎక్కించుకుంటాం. కాకపోతే మాతో పాటు సాయంత్రం సంత దాకా ఉండాల. మధ్యలో ఇంటికెళ్ళి వండి పెట్టొస్తానంటే కుదరదు."

"ఆలోచించుకుని చెప్తాను," అంది కొండమ్మ. ఆ ఆలోచన రోజులు సాగింది. సాయంత్రం దాకా బయటంటే ఇంట్లో జరిగే ప్రతిదీ కళ్ళ ముందు కదిలింది. బియ్యం ఎవరు కడుగుతారు, అత్తకి మందు ఎవరిస్తారు, పిల్లలు తిన్నారో లేదో. అన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది. ఇంట్లో ఇంకా మనుషులున్నారు.

ఆమె కామమ్మకి సరేనని, ఆ మాట ఇంట్లో చెప్పేలోపే సత్యారావు తనంతట తానే ఒక పని చేశాడు. చెన్నై నుంచి షిప్పులో గట్టి స్ప్రింగున్న షాకబ్జర్ తెప్పించాడు. మిన్నీ బే వెళ్ళి జోగులు చేత అది వేయించి, ఫ్రేముకి కొత్త క్యారియర్ కూడా వెల్డింగు చేయించుకుని వచ్చాడు. వచ్చి బండి దిగేటప్పుడు నడుం పట్టుకుని దిగాడు. అయినా మొహంలో ఏదో బహుమతి తెచ్చిన సంబరం.

"చూడు, నీకోసమే చేయించాను. ఇద్దరి బరువుకీ ఆగుతాది. పెట్టె కూడా పెట్టుకోవచ్చు. రేపట్నించి మళ్ళీ ఎప్పటిలాగే ఎల్దాం."

కొండమ్మ క్యారియర్ వంక చూసింది. బాగానే అతికించాడు. సీటు మీద తను కూర్చునే చోటు వంక చూసింది. అది ఎప్పటిలాగే జానెడుంది. "నీకోసమే" అన్న మాటకి కొన్నేళ్ళ కిందటైతే కరిగిపోయేది. ఇప్పుడు కూడా కొంచెం కరిగింది, అబద్ధమెందుకు. అయినా చెప్పింది.

"నేనెక్కను. కామమ్మ వాళ్ళ జీపులో ఎల్తాను, రేపట్నించే."

"అదేటి? ఇంత చేయించాక?"

"ఆ బండి దిగాక నా నడుం నొప్పి తగ్గిపోనాది."

"నీకు నడుం నొప్పి ఉండేదా?" అన్నాడు సత్యారావు. నిజంగానే అడిగాడు.

గురమ్మ లోపలి నుంచి, "జీపుల్లో ఊరేగితే ఇల్లెవులు చూస్తారే?" అంది. కొండమ్మ పెట్టె కడగడానికి పెరట్లోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పెట్టె తుడుచుకుంటుంటే సత్యారావు బండి తీసి వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చాడు. మొహం మాడ్చుకుని దిగాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అన్నాడు.

"కొండమ్మా, ఒక్కణ్ణే ఎక్కితే ఇది రాయిలాగుంది. చిన్న గులకరాయి తగిలినా నడుంలోకి తంతాది. జోగుల్ని ఫోన్లో అడిగితే, ఇద్దరి బరువుకి వేసిన స్ప్రింగు భయ్యా, వెనక ఎవరో ఒకరుంటేనే మెత్తగుంటాది అన్నాడు. నువ్వెక్కాల. నువ్వెక్కకపోతే నాకు కుదరదు."

వీధి చివర జీపు హారను మోగింది. కామమ్మ ఆగే మనిషి కాదు. కొండమ్మ పెట్టె తల మీదికెత్తుకుని, మొగుణ్ణి నింపాదిగా చూసింది.

"దానికి బరువే కదా కావాల్సింది. వంటింట్లో బియ్యం మూటుంది, వెనక కట్టుకో." గుమ్మం దిగుతూ ఆగి, ఇంకో మాట చెప్పింది. "కట్టే ముందు నాలుగు గ్లాసుల బియ్యం తీసి పక్కన పెట్టు. సాయంత్రం నాకు ఆలస్యమవుతాది. అన్నం వండెయ్యి."