కొళాయి కాడ ఇటుకముక్క

నల్లరాయిని కాలితో పక్కకు జరిపి ఏకాంబరం కొళాయి కింద బకెట్టు పెట్టాడు. ఇంకా తెల్లవారలేదు. గొట్టంలో ముందు గాలి గురగురలాడింది, తరువాత తుప్పునీళ్ళు వచ్చాయి, ఆ తరువాత దయతలచినట్టు మంచినీళ్ళు దిగాయి. ఆ వేళకు లాడ్జీ పెరట్లో అతను తప్ప నరమానవుడు లేడు. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఆ రాయిని తెచ్చి కొళాయి కింద పెట్టిపోతాడు. పోటీకి ఎవరూ లేని వరుసలో రోజూ అతనే మొదటివాడు.

తిరుపతి బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ లాడ్జీ స్థలం ఒకప్పుడు సున్నపుబట్టీ సందు. స్థలం గలాయన లాడ్జీ కట్టదలచి అందరినీ ఖాళీ చేయించినప్పుడు ఇళ్ళన్నీ పోయాయి. మున్సిపాలిటీ కొళాయి ఒక్కటి మిగిలి లాడ్జీ పెరట్లోకి వచ్చింది. ఏకాంబరం కూడా దాదాపు అలాగే మిగిలి, గదులు ఊడ్చే పనిలో కుదిరాడు. పెళ్ళి మాట ఎత్తే పెద్దవాళ్ళు పోయారు కాబట్టి పెళ్ళీ లేదు. పడక మెట్ల కింద. బకెట్లు మోసీ మోసీ కుడిభుజం కిందికి వాలిపోయింది. ఎంత తోమి కడుక్కున్నా అరికాళ్ళ పగుళ్ళలోంచి ఫినాయిలు వాసన పోదు.

సందులో అందరికీ కలిపి ఆ ఒక్క కొళాయే దిక్కు. రాత్రి బిందె పెట్టిపోతే తెల్లారేసరికి బిందె ఉండదు కనుక ఇంటికొక రాయి వరుసలో ఉండేది. ఏ రాయి ఎవరిదో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఒకరి రాయిని ఇంకొకరు జరిపారంటే ఆరోజు సందులో ఏడు తరాల వాళ్ళూ వీధిన పడేవాళ్ళు. తెల్లచార ఉన్న నల్లరాయి ఏకాంబరం వాళ్ళది. దాని వెనక కుప్పయ్య ఇంటి ఇటుకముక్క. ఇటుకముక్కలు అన్నీ ఒకేలా ఉంటాయి కదా, కుప్పయ్య కూతురు పంకజం దాని కింద ఒక అడ్డాకు పెట్టేది. ఆకు ఉంటే తమది, లేకపోతే కాదు. ఆకుకు సందులో కరువు లేదు. బట్టీ పనికి పోయే మగవాళ్ళు పోగా మిగతా సందంతా సత్రాలకు విస్తర్లు కుట్టేది. పిల్లలు పుల్లలు చీలుస్తూ ఎక్కాలు చదివేవాళ్ళు. సాయంత్రం బట్టీ నుంచి వచ్చిన తండ్రుల కనురెప్పల మీద తెల్లటి సున్నం ఉండేది. తెల్లవారుజామున రాళ్ళకు కాపలా కూర్చునే పని మాత్రం ఏకాంబరానిదీ పంకజానిదీ.

ఇప్పటికీ కిందిగదులన్నీ అతనికి ఇళ్ళే. గుమాస్తా వరదయ్య "మూడో నంబరుకు నీళ్ళు" అంటే, "కుప్పయ్యింటికా?" అనే మాట నోటిదాకా వస్తుంది. ఒక్కోసారి దాటిపోతుంది కూడా.

"ఇది లాడ్జీ అప్పా, నీ సందు గాదు" అని వరదయ్య నవ్వుతాడు. "ఆ సందును నువ్వు తప్ప సూసినోడు ఒకడన్నా ఉండాడా?"

అదే అతని బాధ. సందువాళ్ళు సత్యవేడుకొకరు, కాటికొకరుగా చెదిరిపోయారు. అవును, ఆ సందు ఉండేదని ఇంకొక మనిషి నోట ఒక్కసారి వింటే చాలుననిపించేది. వినక వినక, కొన్నాళ్ళుగా అదంతా తానే కల్పించుకున్నానేమోనని భయం కూడా మొదలైంది.

పొద్దెక్కాక చిత్తూరు వాళ్ళు దిగారు. కిరాణా వ్యాపారి ధనంజయ, అతని తల్లి, భార్య. కొండ మీద తలనీలాలిచ్చి వచ్చారు. తల్లీకొడుకుల గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. వాళ్ళకు పైఅంతస్తులో గది ఇచ్చారు. పైగదులు ఎవరి ఇళ్ళూ కావు, అక్కడ ఒకప్పుడు గాలి మాత్రమే ఉండేది. అందుకని ఏకాంబరం ఏ ఆలోచనా లేకుండా సామాను మోసి, మధ్యాహ్నం మెస్సు నుంచి భోజనం తెచ్చి, విస్తర్లు పరిచాడు.

నీళ్ళు చల్లబోయే ముందు ఆ భార్య చేతి వెనక భాగంతో విస్తరిని నిమిరింది. ఒకచోట పుల్ల గుచ్చుకుంది. దాని మొనను బొటనవేలి గోటితో తుంచేసింది. మొగుడి విస్తరినీ అత్త విస్తరినీ అలాగే నిమిరి చూసింది. కొనుక్కుని తినేవాళ్ళు ఆ పని చేయరు, కుట్టినవాళ్ళే చేస్తారు. ఏకాంబరం చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. ఒళ్ళు వచ్చింది, మెడలో గొలుసులు వచ్చాయి, కానీ ఆ తల వంచిన తీరు పంకజానిదే.

"నీది ఈ ఊరేనా అప్పా?" అన్నాడు ధనంజయ.

"ఈ ఊరే సామీ."

"మా కోడలిదీ ఈ పక్కే" అంది ముసలామె గొప్పగా. "సంద్రగిరి. రాజుల కోట కాడ పుట్టి పెరిగిన పిల్ల."

ఏకాంబరానికి గుర్తే. పెళ్ళి చంద్రగిరిలో, పంకజం మేనమామ ఇంట్లో చేశారు. సున్నపుబట్టీ సందు పేరెత్తితే వచ్చిన సంబంధం వచ్చిన దారినే పోతుందని కుప్పయ్య భయం. పెళ్ళి విస్తర్లు సందంతా కూర్చుని ఊరికే కుట్టిపెట్టింది. తాంబూలం ఎవరికీ రాలేదు. పిల్ల బాగుంటే చాలని ఎవరూ తప్పు పట్టలేదు.

"ఈ ఊర్లో యాడ మీ ఇల్లు?" ధనంజయ మళ్ళీ అడిగాడు.

ఎన్నేళ్ళుగానో ఎవరైనా అడిగితే బాగుండుననుకున్న మాట అది. ఈడనే సామీ, మీ కాళ్ళ కిందనే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చెయ్యి అన్నంలో కదలకుండా ఆగిపోయింది.

"ఇల్లంటా ఏం లేదు సామీ. ఈ లాడ్జీలోనే ఉంటా ఉండాను" అన్నాడు.

ఆమె చెయ్యి మళ్ళీ కదిలింది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "ఏమప్పా, కొళాయి యాడుండాది?"

"పెరట్లో ఉండాదమ్మా. తెల్లారకముందే వస్తాయి నీళ్ళు."

"వరస ఉంటాదా?"

"ఎవురూ లేరమ్మా. నేనొక్కణ్ణే."

సాయంత్రం ఏకాంబరం రిక్షా పిలుచుకొచ్చి పెట్టెలు ఎక్కించాడు. ఆమె అందరికన్నా ఆలస్యంగా, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పెరటి వైపు నుంచి వచ్చింది.

"యాడికి పోయినావే?" అత్త కసిరింది.

"కాళ్ళు కడుక్కోని వచ్చినా అత్తా."

రిక్షా మలుపు తిరిగేదాకా అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడలేదు. ఒక్కసారి చూస్తే ఏం పోయింది అనుకున్నాడు. ఆ వయసులో అలిగినందుకు తనకు తానే సిగ్గుపడి, పైకి వెళ్ళి గది ఊడ్చాడు. వాడకుండా మిగిలిన విస్తరికి ఒక ఆకు ఊడిపోయి ఉంది. కుట్టు నాసిరకమనుకుని, మడిచి పక్కన పడేశాడు.

దీపాలు పెట్టాక రాయిని కొళాయి కింద పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు. పొద్దున గోడవార వదిలిన చోట రాయి లేదు. చుట్టూ వెతికి కొళాయి వైపు తిరిగాడు. నల్లరాయి అప్పటికే కొళాయి కింద ఉంది, తెల్లచార పైకి కనబడేలా. దాని వెనక, జానెడు ఎడంలో ఒక ఇటుకముక్క, దాని కింద ఒక అడ్డాకు.