అందని అర

పొద్దున్న ఎనిమిదింటికల్లా పెద్దకోడలు మిషన్ ముందు కూర్చుంటుంది. కాలితో తొక్కే పాత మిషన్. తొక్కినప్పుడల్లా కీచుమంటుంది. ఒకప్పుడు ఆ కీచు వినే వీధిలోవాళ్లు పనులకు బయల్దేరేవాళ్లు. మూడు నెలలుగా దాన్ని పట్టించుకునేవాళ్లే లేరు. పై అంతస్తులో చిన్నకోడలు కరెంటు మిషన్ కొంది మరి.

పదేళ్లుగా పెద్దకోడలి దగ్గర కుట్టించుకున్నవాళ్లే ఇప్పుడు గుడ్డల సంచులు పట్టుకుని ఆమె గుమ్మం ముందునుంచే మెట్లెక్కుతున్నారు. ఎక్కేవాళ్లు ఎక్కక, "ఏం వదినా, బాగున్నావా?" అని పలకరింపొకటి. పుండు మీద కారం చల్లినట్టు.

"కాజాలు కూడా ఆ మిషనే కుట్టేస్తుందట అత్తయ్యా," అంది పెద్దకోడలు.

"కుట్టనీవే. నీకేం నొప్పి?" అంది అత్తగారు, గుండీలు కుడుతూ.

నొప్పే. దాని పేరు ఈర్ష్య అని పెద్దకోడలికీ తెలుసు.

అలాంటి మిషన్ కొనడానికి డబ్బు లేక కాదు. ఎదుటి గోడకున్న చెక్క అర మీద బిస్కెట్ డబ్బా ఉంది. అందులో ఉన్నది ఆపదకని దాచిన సొమ్ము. ఏ ఆపదా లేకుండా ఎవరైనా ఆశగా చూస్తే ఆ అర ఓ బెత్తెడు పైకి జరుగుతుంది. మామగారి కాలంలో నడుమెత్తులో ఉండేదట. చుట్టాలొస్తే ముందు దాని ఎత్తు చూసి, ఈ ఇంట్లో ఎవరికో ఏదో కావాల్సొచ్చిందని నవ్వుకునేవాళ్లు. ఈ మూడు నెలల్లో అది ఎంత పైకి పోయిందంటే, డబ్బా మూత పైకప్పుకు ఆనుకుంది. కొంచెం సున్నం కూడా రాలింది.

"ఇక ఎక్కడికి పోతావ్?" అని ఆ రోజు పెద్దకోడలు బల్ల మీద స్టూలు వేసి ఎక్కింది. డబ్బా చేతికొచ్చింది. నెత్తిమీదే చిన్నకోడలి మిషన్ గిర్రుమంటోంది.

"ఏమొచ్చిందే ఆపద?" కిందనుంచి అత్తగారు.

"బేరాలన్నీ పైకే పోతున్నాయి. ఇది ఆపద కాదా?"

"నిన్న ఎన్ని గౌన్లు కుట్టావు?"

"నాలుగు."

"తిండికి లోటొచ్చిందా?"

"రాలేదు."

"మరింకేం?"

"దానికుంది, నాకు లేదు!" అని అరిచింది పెద్దకోడలు.

అరిచాక ఆ మాట తన చెవిన పడింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. డబ్బాను తన చేత్తోనే మళ్లీ అర మీదికి తోసింది. కోపంకొద్దీ తోసిన తోపుకు మూత సొట్టపోయింది. దిగొచ్చి, మిషన్‌కు రెండు చుక్కల నూనె వేసి, సగంలో ఉన్న గౌను అందుకుంది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, చిన్నకోడలు కడుపు పట్టుకుని మెట్లు దిగి గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా... ఇందాకే చూపించుకొచ్చాను. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే పేగు పగిలిపోతుందన్నాడు డాక్టరు. ముందే డబ్బు కట్టాలట. ఈయనేమో లారీతో ఎక్కడో ఉన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. అంతా మిషన్‌కే పోశాం."

పెద్దకోడలు తలెత్తేలోపే అర కిర్రుమంటూ గోడ వెంట దిగింది. నడుమెత్తు కూడా దాటి, నేల మీదున్న చిన్నకోడలి చేతికందేంత కిందికొచ్చి ఆగింది.

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది.

"నేను మెడలు పడిపోయేలా చూస్తే పైపైకి పోయావు. ఇది వచ్చి కూలబడగానే కాళ్ల దగ్గరికి దిగుతావా?" అని అరతోనే అంది. అంటూనే డబ్బా చంకలో పెట్టుకుని, రెండో చేత్తో తోడికోడల్ని లేవదీసింది.

ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు ఆస్పత్రిలో.

మర్నాడు కళ్లు తెరిచాక చిన్నకోడలు, "అక్కా, ఒకటి చెప్తాను, తిట్టకు," అంది. "నీ డబ్బా అంటే నాకు కుళ్లు. నా చేతిలో ఏదీ నిలవదు కదా. నీ అర అంత పైకి పోయిందంటే అందులో సగం నా చూపే. నీకు లేనిదొకటి నాకుండాలనే ఆ మిషన్ కొన్నాను."

"నన్ను చూసి కుళ్లుకున్నావా? నువ్వా?"

"ఊఁ."

"ఎన్నాళ్లనుంచి?"

"కాపురానికొచ్చిన దగ్గరనుంచీ."

పెద్దకోడలు ఆమెకు రెండు గుక్కల నీళ్లు తాగించింది. దుప్పటి సరిచేసింది. కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు," అంది.