ఇరవై మూడో నంబరు మడి

2002 సెప్టెంబరు 17 ఉదయం, గుమ్మఘట్ట దగ్గరున్న ప్రభుత్వ వేరుశనగ పరిశోధన క్షేత్రంలో రోడ్డు పక్క మడిలో మట్టి తడిసి ఉంది. వాన పడి ముప్పై రోజులు దాటింది. అది నీళ్లు పెట్టకూడని మడి.

క్షేత్రాన్ని చూసే శాస్త్రవేత్త వనజాక్షి ముందు మట్టిని చేత్తో నొక్కి చూసింది. తర్వాత గేటు వైపు చూసింది. అక్కడ నీళ్ల ట్యాంకరు ఉంది. ట్యాంకరు పక్కన మాజీ సర్పంచి ఓబులేసు ఉన్నాడు.

"ఓబులేసన్నా, ఈడ నీళ్లు పెట్టిందెవరు?"

"నేనేనమ్మా. ఎమ్మెల్యే ఆదెన్న వస్తాండాడు కదా. దుమ్ము లేయకుండా నిన్న సాయంత్రం దారంతా తడిపినాము. ట్యాంకర్లో ఇంకా మిగిలింటే నీ పైరుకు పెట్టినా. నాయకుడు వచ్చే దారిలో ఎండిన చేను చూపిస్తామా?"

"నీళ్లు లేకుంటే పైరు ఏమైతాదో చూసేదానికే కదన్నా దీన్ని వేసింది!"

"అది చూసేదానికి సర్కారు దుడ్లెందుకమ్మా? మా చేనుకు రా, ఊరికే చూపిస్తా."

కూలీలు నవ్వారు. వనజాక్షి నవ్వలేదు. కరువును తట్టుకునే కొత్త రకాన్ని ఆమె రెండేళ్లుగా పరీక్షిస్తోంది. క్షేత్రంలో దాన్ని ఇరవై మూడో నంబరు అంటారు. మూడో ఏడు కూడా నెగ్గితేనే ఆ రకం రైతులకు అందుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఇలాంటి క్షేత్రాలను మూసేయాలని ప్రభుత్వం అనుకుంటోంది. ఏది మూయాలో చెప్పే కమిటీకి ఎమ్మెల్యే ఆదెన్న అధ్యక్షుడు. ఆయన చూసి వెళ్లాక మూడో ఏడు ఉంటుందో లేదో తేలుతుంది.

ఆదెన్న పదకొండు గంటలకు జీపు దిగాడు. ఓబులేసు దండ వేశాడు. ఆదెన్న దాన్ని తీసి డ్రైవరుకు ఇచ్చాడు.

"ఏమ్మా, నీ విత్తనం రైతుకు ఎప్పుడు చేరతాది?"

"వచ్చే ఏడు పరీక్ష సార్. ఆ పైన విత్తనం పెంచేదానికి రెండేండ్లు."

"ఆ లోపల ఎలక్షన్ వచ్చి పోతాది తల్లీ. అదే బోరు వేయిస్తే నెలలో కొబ్బరికాయ కొడతా. జనం చూస్తారు. నీ మడి కాడ ఏం కొట్టాల?"

"కొట్టేదానికి ఏమీ లేదు సార్."

"అందుకే దుడ్లు ఇచ్చేదానికి ఎవరికీ చెయ్యి రాదు."

మాట్లాడుతూనే ఆదెన్న రోడ్డు పక్క మడి దగ్గరికి వచ్చాడు. ఎడమ వైపు సాళ్లు జిల్లాలో రైతులు వేసే పాత రకం. కుడి వైపువి ఇరవై మూడో నంబరు.

"రెండూ పచ్చగానే ఉండాయి కదమ్మా. యాడుండాది తేడా?"

"ఈ మడి లెక్కలోకి రాదు సార్. నిన్న సాయంత్రం నీళ్లు పెట్టినారు. నీళ్లు తగలని మడులు లోపల ఇంకా మూడుండాయి. రండి, చూపిస్తా."

ఓబులేసుకు కోపం వచ్చింది.

"అన్నా, నేను మడంతా పెట్టలేదు. ఈ ఎడమ పక్కది తలకాయ వేలాడేసింటే దానికే పెట్టినా. కుడి పక్కది బాగానే ఉండాది. బాగుండేదానికి నీళ్లెందుకు దండగ అని వదిలేసినా."

ఆదెన్న పంచె పైకి కట్టి కూర్చున్నాడు. ఆయనకు ఊళ్లో అరవై ఎకరాల మెట్ట ఉంది. కుడి వైపు సాలులో వేలితో తవ్వాడు. జానెడు లోతు వరకు పొడి మట్టే. ఎడమ వైపు తవ్వితే వేలికి బురద అంటింది. లేచి లోపలి మూడు మడులకూ నడిచాడు. అక్కడ పాత రకం ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఇరవై మూడో నంబరు మాత్రం పచ్చగా ఉంది.

తిరిగి వచ్చి అడిగాడు. "నా చేనుకు ఇరవై ఎకరాలకు విత్తనం ఇస్తావా?"

"ఇప్పుడు ఇయ్యలేను సార్. ఉండేది రెండు మూటలు. వచ్చే ఏడు పరీక్షకే సరిపోతాయి."

"ఆ పైన?"

"క్షేత్రం ఉంటే పెంచుతాము. మూస్తే ఆడికే ఆగిపోతాది."

"మూసేదెవరప్పా?" ఆదెన్న తన పీఏ వేణుగోపాల్ వైపు తిరిగాడు.

"మనమే సార్," అన్నాడు వేణుగోపాల్.

ఈసారి వనజాక్షి కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువగా ఆదెన్న నవ్వాడు. జీపు ఎక్కుతూ ఓబులేసును పిలిచాడు.

"ఏమప్పా, మళ్లీ ఈ గేటు లోపలికి ట్యాంకరు తెచ్చినావంటే చూడు."

"నువ్వు రాకుంటే నేనెందుకు తెస్తానన్నా?"

నవంబరులో కమిటీ నివేదిక వచ్చింది. ఈ క్షేత్రాన్ని మరో ఏడాది కొనసాగించాలని అందులో ఉంది. అడిగిన నిధుల్లో సగం మంజూరయ్యాయి. 2003 జూలైలో వాన పడిన మూడో రోజు ఇరవై మూడో నంబరును మూడో ఏడు పరీక్షకు విత్తారు.