ఐదు చుక్కల మనిషి

"ఆ సమయంలో మీకు ఎలా అనిపించింది, రూపాలి గారూ?" అని అడిగింది హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి.

రూపాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. నడుం మీద పరాయివాడి చెయ్యి పాకుతుంటే ఎవరికైనా ఎలా అనిపిస్తుంది? ఈ ముక్క తెలుసుకోవడానికి రైలెక్కి రావాలా, చాప వేయించుకుని కూర్చోవాలా, ఫోన్‌లో రికార్డింగు పెట్టాలా? అయినా పంటి బిగువున ఊరుకుంది. మూతపడ్డ ఆమె డ్రైవర్ ఐడీని తెరిపించడం ఆ అమ్మాయి చేతిలో ఉంది మరి.

అమ్మాయి పేరు అశ్విని. బైక్ టాక్సీ కంపెనీ పంపితే వచ్చింది. షోలాపూర్‌లో ఆ యాప్‌లో పద్నాలుగు మంది ఆడవాళ్లు డ్రైవర్లుగా చేరితే, ఆరు నెలలు తిరక్కుండానే పదకొండు మంది కనిపించకుండా పోయారు. ఎందుకు పోతున్నారో, ఏం చేస్తే నిలబడతారో కనుక్కుని రమ్మన్నారు. జోడ్‌భావి పేట్‌లో తెలుగు ఇళ్లు ఎక్కువ కదా, తెలుగు పిల్లనే పంపుదాం అనుకున్నారు. కంపెనీ తెలివి అంతవరకూ పనిచేసింది.

పదకొండు మందిలో రూపాలి ఒకతె. కానీ ఆమె మానెయ్యలేదు. రెండు వారాల కిందట కొంతం చౌక్‌లో ఒకడు ఎక్కాడు, కుంభారి కాలనీకి పోవాలన్నాడు. ఊరు దాటగానే చెయ్యి నడుం మీదికి వచ్చింది. తియ్యమంటే తీశాడు, మళ్లీ పెట్టాడు. మూడోసారి అటూ ఇటూ మనిషి లేని చోట బండి ఆపి, దిగమంది. వాడు నవ్వుతూ దిగి, అక్కడే నిలబడి ఫోన్ తీసి, "డ్రైవర్ సభ్యత లేని మనిషి, దారి మధ్యలో దించేసింది" అని యాప్‌లో ఫిర్యాదు కొట్టాడు. ఆమె ఇల్లు చేరేలోగా ఐడీ మూతపడింది. పడ్డది ఆమె, శిక్ష కూడా ఆమెకే.

ఐడీ లేకపోతే ఏముందో రూపాలికి బాగా తెలుసు. గుమ్మం పక్కన అత్త యల్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె పక్కన గోడకు ఆనించి ఇంకో చాట ఉంది. అది రూపాలిది. పెళ్లైన నాటి నుంచి ఎనిమిదేళ్లు ఆ చాట ముందు నడుం వంచింది. కరెంటు స్కూటర్ కొన్నాక మొదటిసారి వీపు నిటారుగా పెట్టి పనిచేసింది. ఎండలో, దుమ్ములో తిరిగినా సరే, ఊరంతా తిరిగింది. మళ్లీ ఆ చాట ముందు కూర్చోవడం కంటే చావే నయమని ఆమెకు అనిపిస్తోంది. ఆ మాట అత్త ముందు అనలేదు, అంతే.

"ఎట్ల అనిపిస్తది మేడమ్? మీ నడుం మీద ఎవడన్న చెయ్యేస్తె మీకెట్ల అనిపిస్తదో గట్లనే" అంది రూపాలి.

అశ్విని మొహం కందింది. పాపం, చెడ్డపిల్ల కాదు. కాగితాలు తిరగేసి, "మీకు సాయం చేద్దామనే వచ్చానండీ. చిక్కేమిటంటే, మానేయడానికి కారణాల పట్టీ ఒకటి ఉంది. ఇంటి కారణం, ఆరోగ్యం, వేరే పని. వేధింపు అని కూడా ఉంది గానీ, అది నొక్కాలంటే ఫిర్యాదు నంబరు అడుగుతుంది. పదకొండు మందిలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. మీరు తప్ప మిగతా పదిమందీ 'ఇంటి కారణం' నొక్కేశారు. అందుకని..." అని ఆగింది. "ఆ రోజు జరిగింది అపార్థం వల్ల జరిగిందని మీరు ఒక్క మాట చెబితే, సోమవారానికల్లా మీ ఐడీ తెరిపిస్తాను."

"అపార్థమా!" అని లేచింది శాంత. నాలుగిళ్ల అవతల ఉంటుంది, ఆమె కూడా మానేసినవాళ్లలోదే. అందర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడాలని అశ్వినే పిలిపించింది. ఇంకా బండి నడుపుతున్న దీపాలి కూడా వచ్చి, ఫోన్ ముందు పెట్టుకుని ఒక మూల కూర్చుంది.

"ఫిర్యాదు ఎందుకు చేయలేదండీ?" అని అశ్విని శాంతనే అడిగింది. "ఫిర్యాదు అక్కర్లేదు, ఒక్క స్టార్ ఇచ్చినా చాలు కదా? నేను చూశాను. మీరందరూ ప్రతి ప్రయాణికుడికీ ఐదు స్టార్లే ఇచ్చారు. ఒక్కరికీ తక్కువ వేయలేదు. మా ఆఫీసులో అది చూసి షోలాపూర్‌లో సమస్యే లేదనుకున్నారు."

శాంత యల్లమ్మ వైపు చూసింది. దీపాలీ యల్లమ్మ వైపే చూసింది. రూపాలి మాత్రం నేల చూసింది.

బీడీ కార్ఖానా బ్రాంచిలో చెకర్ అని ఒకడుంటాడు. ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టలు విప్పి, నచ్చనివి ఏరి 'ఛాట్' అని పక్కకు విసురుతాడు. విసిరినవి మళ్లీ తేకుండా వాళ్ల కళ్ల ముందే నలిపేస్తాడు. బీడీ బాగుందని వాదించావో, మర్నాడు నీ కట్టలో సగం ఛాట్. అందుకని ఆ పేటలో ఆడపిల్లకు కత్తెర పట్టడం నేర్పేనాడే ఇంకోటి కూడా నేర్పుతారు: చెకర్ ముందు తలవంచు, నవ్వు మొహం పెట్టు, వాడు నలిపితే చూస్తూ నిలబడు. యాభై ఏళ్లు నిలబడింది యల్లమ్మ. పేటలో పిల్లలు బండ్లు కొని యాప్‌లో చేరినప్పుడు, ఈ స్టార్ల, అదే చుక్కల, సంగతేమిటని అడగడానికి ఆమె దగ్గరికే వచ్చారు.

"నేనే జెప్పిన బిడ్డా" అంది యల్లమ్మ, చేతిలో ఆకు ఆపకుండానే. "చుక్కలేసెటోడు ఎవడైనా చెకరే. నువ్వు తక్కువేస్తె వాడు నీకు తక్కువేస్తడు, నీ పని పోతది. ఎసొంటోడైనా ఐదేసి పంపు, పీడ పోతది అని జెప్పిన."

"అయ్యో, ఏ స్టార్లు ఎవరు వేశారో ప్రయాణికులకు తెలియదమ్మా!" అంది అశ్విని. "పైగా మీ భద్రత కోసమే కంపెనీ ఒక ప్రత్యేకమైన ఏర్పాటు చేసింది. ఎవరికి పడితే వాళ్లకు ఆడ డ్రైవర్లను పంపం. ఆడ డ్రైవర్లు మంచి స్టార్లు ఇచ్చిన మగవాళ్లనే మళ్లీ ఆడ డ్రైవర్లకు..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. తానేమంటోందో ఆ పిల్లకే అప్పుడు వినబడినట్టుంది.

రూపాలికి మాత్రం పూర్తిగా వినబడింది. "శాంతా, నీ బండెక్కి చెయ్యేసినోని పేరేంది?" అంది.

"తుషార్ అని ఉండె. కొంతం చౌక్ కాడనే ఎక్కుతడు. చమేలీ నూనె వాసన. వాడు పెట్టుకున్న హెల్మెట్ నేను మూడుసార్లు కడిగిన, వాసన పోలే."

"నాకూ వాడే" అంది దీపాలి మెల్లిగా. "నాలుగుసార్లొచ్చిండు. రద్దు చేసుకుంటె ఐడీకి దెబ్బ అన్నరు. వాని చెయ్యి ముందలికి రాకుంట బ్యాగు అడ్డం పెట్టుకుని పోతున్న."

రూపాలి తన బండెక్కేవాళ్లకిచ్చే హెల్మెట్ ఇంకా మేకుకు వేలాడుతోంది. దాని లోపలి అస్తరు గుడ్డ ఆమె విప్పి పారేసింది. ఆ వాసన ఆమెకూ తెలుసు.

రెండు వారాల కిందట ఆమె దారిలో దించేసింది వాణ్ణే; కానీ వాడు మొదటిసారి ఆమె బండెక్కింది రెండు నెలల కిందట. అప్పుడూ చెయ్యి వేశాడు. అప్పుడామె కిక్కురుమనకుండా దించి, అత్త చెప్పినట్టు ఐదు చుక్కలూ వేసి పంపింది. ఆ ఐదు చుక్కలు పట్టుకుని వాడు శాంత దగ్గరికి వెళ్లాడు. శాంత ఐదేసింది. దీపాలి ఐదేసింది. పదకొండు మందిలో ఇంకెంతమంది వేశారో! అందరూ కలిసి వాణ్ణి షోలాపూర్ మొత్తానికి మంచి మగవాణ్ణి చేసిపెట్టారు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. ఎవరిమీద కోపగించుకోవాలో రూపాలికి తెలియలేదు. కంపెనీ మీదా, ఈ పిల్ల మీదా, చాట ముందు తల వంచుకున్న ముసలిదాని మీదా, అందరికంటే ముందు తన బొటనవేలి మీదా కోపమొచ్చింది. ఆ వేలితోనే కదా నొక్కింది!

"నీ సుద్దులు మా కొంప ముంచినయ్ గదా అత్తమ్మా!" అని అరిచింది. ఎనిమిదేళ్లలో అత్త మీద గొంతు లేపింది అదే మొదలు. "నోర్మూసుకో, నోర్మూసుకో అంటివి. నేను మూసుకుంటె వాడు శాంత మీద వడె. శాంత మూసుకుంటె దీపాలి మీద వడె!"

యల్లమ్మ కత్తెర ఆగింది. అదే సమయానికి దీపాలి ముందున్న ఫోన్ మోగింది.

కొంతం చౌక్ నుంచి కుంభారి. ప్రయాణికుడు తుషార్. పేరు పక్కన ఐదు చుక్కలు.

దీపాలి వేలు 'వద్దు' మీదికి వెళ్లింది. రూపాలి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎత్తు. మేమందరం నీ ఎనకనే ఉంటం." తర్వాత అశ్విని వైపు తిరిగింది. "ఎట్ల అనిపిస్తదని అడిగితివి గదా. పద, సూద్దువు."

శాంత బండి నెల నుంచి వసారాలో ఆకు మూటల కింద పడి ఉంది. మూటలు నేల మీదికి తోసి, కొంగుతో సీటు తుడిచి బయటికి తీసింది. అశ్విని ఆమె వెనకెక్కింది. రూపాలి తన బండి తీసేసరికి వెనక సీటు మీద బరువు తెలిసింది. తిరిగి చూస్తే యల్లమ్మ. ఒళ్లో పొగాకు దులుపుకోకుండానే ఎక్కి కూర్చుంది. రూపాలి బండి ముందుకు పోనిచ్చింది.

కొంతం చౌక్‌లో పట్టపగలు, ఆటోలు, బస్సులు, పూలబండ్లు, జనమే జనం. దీపాలి ముందు వెళ్లి ఆగింది. మిగతావాళ్లు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్ను. చూస్తే ఎవరైనా బ్యాంకుకో బడికో పోతున్నాడనుకుంటారు. రూపాలికి అదే ఎక్కువ మండింది. వీడు చెకర్ కాదు, ఏమీ కాదు. ఇంతమంది ఇన్నాళ్లు భయపడింది ఇలాంటి ఒక వట్టి మనిషికి!

వాడు హెల్మెట్ పట్టీ బిగించకుండానే నెత్తిన పెట్టుకుని ఎక్కాడు. బండి ఇంకా కదలనే లేదు, చెయ్యి దీపాలి నడుం మీదికి వచ్చింది. దీపాలి బ్యాగును గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయింది. ఎదురుగా పూలమ్మే మనిషి చూశాడు, మళ్లీ పూలు చూసుకున్నాడు. అశ్విని అంతా చూసింది.

యల్లమ్మ దిగింది. తొందరపడకుండా నడిచి వెళ్లి, నడుం మీదున్న ఆ చేతి మణికట్టు పట్టుకుని పైకెత్తింది. యాభై ఏళ్లు ఆకు చుట్టిన వేళ్లు అవి, వాడు గుంజుకున్నా ఊడి రాలేదు.

"పడూ నయే మ్హణూన్ ధర్లం, ఆజీ" అన్నాడు వాడు మరాఠీలో. పడకుండా పట్టుకున్నాడట పాపం.

"ఛాట్!" అంది యల్లమ్మ. చౌక్ అంతా వినబడేలా అంది. ఇంకో చేత్తో వాడి చెంప పగలగొట్టింది.

హెల్మెట్ ఎగిరిపడింది. జనం మూగారు. ఏమైంది, ఏమైంది అన్నారు గానీ ఏమైందో చెబితే వినడానికి ఎవరూ నిలబడలేదు. వాడు హెల్మెట్ అక్కడే వదిలేసి, ఫోన్‌లో ఏదో కొడుతూ కొడుతూ జనంలోకి జారుకున్నాడు.

వాడేం కొట్టాడో ఇంటికి రాగానే తెలిసింది. దీపాలి ఫోన్ కూసింది. ప్రయాణికుడి పట్ల అనుచితంగా ప్రవర్తించినందువల్ల మీ ఐడీ నిలిపివేయబడింది, అని. దీపాలి ఆ వాక్యం పైకి చదివి, ఫోన్ చాప మీద బోర్లించి, మొహం కప్పుకుంది.

అశ్విని ఇంకా గుమ్మంలోనే ఉంది. రూపాలి కాగితాలన్నీ ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"రాస్కో మేడమ్. పదకొండు కాదు, పన్నెండు. మేం ఇడిసిపెట్టి పోయినమని రాయకు. మేం పోలే. మీరే మమ్మల్ని ఇడిసిపెట్టిన్రు."

"ఫిర్యాదు నంబరు లేకపోతే..." అని గొణిగింది అశ్విని. అలవాటు కొద్దీ వచ్చిన మాట అది.

"మేం జెప్తె నంబరు గావాలె. నువ్వు సూస్తివి గదా? నీ కండ్లతోని సూస్తివి. నువ్వే జెప్పు. మీ కంపెనీకి నీ పేరు వెట్టి జెప్పు."

అశ్విని తన ఉద్యోగం గురించి ఆలోచిస్తోందని రూపాలికి తెలుసు. ఆలోచించనీ. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో కూర్చున్నవాళ్లందరూ చేసింది అదే. సోమవారం తెరుచుకోవాల్సిన తన ఐడీ ఇక తెరుచుకోదని కూడా రూపాలికి తెలుసు. గోడకు ఆనించిన చాట వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

యల్లమ్మ లేచింది. ఆ రెండో చాట తీసి, లోపలికి పట్టుకెళ్లి, అటక మీద పడేసి వచ్చింది. వచ్చి కోడలి పక్కన చాప మీద కూర్చుంది.

"ఇగ అడుగు బిడ్డా, ఏమడుగుతవో" అంది అశ్వినితో. "ఈసారి నేను జెప్త."

అశ్విని చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. వెళ్లేటప్పుడు చాప మీదే వదిలేసినా ఆగకుండా నడుస్తున్న రికార్డింగు ఫోన్ రూపాలి వైపు తిరిగి ఉంది. అశ్విని దాన్ని తన వైపు తిప్పుకుంది.

"నా పేరు అశ్విని" అని మొదలుపెట్టింది. "ఈ రోజు కొంతం చౌక్‌లో నేను చూసింది చెబుతున్నాను."