మోకాలి ఎత్తు కొట్టు

రంగెల్‌కు ఇంట్లో ఒక్క పనీ చేతకాదు కానీ, ఊళ్లో ఎవరి కొట్టు ఎలా నడపాలో మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ట్రామ్ డ్రైవరుగా రిటైరయ్యాక ఆ విద్య బాగా ముదిరింది. ఇప్పుడదంతా భార్య నెవెనా మీద ప్రయోగిస్తున్నాడు.

నెవెనా బూట్లు బాగుచేస్తుంది. సోఫియాలో ఓ పాత భవనం నేలమాళిగలో కొట్టు. దాని కిటికీ సరిగ్గా కాలిబాట అంచున ఉంటుంది. ఆమెతో మాట్లాడాలంటే ఎంత గొప్పవాడైనా మోకాళ్లు వంచి, తల కిటికీ దగ్గర పెట్టాల్సిందే. పందొమ్మిదేళ్లుగా ఆమెకు లోకమంటే మోకాళ్ల దాకానే.

ఆ పొద్దున తోలుకి బెజ్జం పొడిచే ఆరతో బూటు అట్ట కుడుతుంటే బయట రెండు కాళ్లు ఆగాయి. ఎడమ మడమ బాగా అరిగిపోయి ఉంది.

"ఏంటమ్మా, రోజూ అంత బరువు మోస్తున్నావు?" అంది, మొహం కనపడకముందే.

వంగిన అమ్మాయి తెల్లబోయింది. "అకార్డియనండీ. క్లాసుకి."

"ఇష్టమేనా?"

"ఇష్టం లేదండీ. ఆ మాట ఇంట్లో చెప్పలేదు."

ఆ పిల్ల వెళ్లగానే రంగెల్ బూట్లు వచ్చాయి. అతను ఏనాడూ వంగడు. గాలితో మాట్లాడుతున్నట్టు వీధికేసి చూస్తూ మాట్లాడతాడు.

"మూల కొట్టు ఖాళీ అయింది. గాజు తలుపు, కుర్చీలు. సాయంత్రంలోగా ఔనంటే నీదే. ఈ గుహ మాత్రం ఓనరుకి వదిలెయ్యాలి. ఈ రోజుల్లో ఎవరు వంగుతారే?"

"ఇప్పుడే ఒకమ్మాయి వంగింది."

"చిన్నపిల్ల కాబట్టి వంగింది."

నెవెనా మళ్లీ ఆర అందుకుంది. మనసు కిటికీని వదలనంటోంది. చెమ్మలో కూర్చుని కూర్చుని పట్టేసిన నడుము మాత్రం రంగెల్ పక్షమే.

అయిదింటికి రంగెల్ మూల కొట్టు ఒప్పందం కాగితం పట్టుకుని వచ్చేసరికి కిటికీ ముందు ఒక ముసలాయన నీలం దిండు వేసుకుని మోకరిల్లి ఉన్నాడు. దోబ్రోమీర్. ట్రామ్ డిపోలో రంగెల్ జతగాడు, ఆదివారాలు పార్కులో పాచికలకూ జతగాడే. వెనక ఎవరు నిలబడ్డారో ఆయన చూడలేదు.

"రేపు వార్నా వెళ్లిపోతున్నానమ్మాయ్. మా చెల్లెలి దగ్గరికి. ఇక రాను."

నెవెనా చేతిలో ఆర ఆగింది. "ఎందుకు బాబాయ్?"

"కళ్లు పోయాయి. పాచికల మీద చుక్కలు తడిమి చూసుకుంటున్నా. మీ ఆయనేమో తనే గెలుస్తున్నాననుకుంటున్నాడు."

"ఆయనకి చెప్పలేదా?"

"వాడికెలా చెప్పనమ్మా? నోరు తెరిచేలోగా సలహా ఇచ్చేస్తాడు. నువ్వయితే ముందు అడుగుతావు."

నెవెనాకు ఆ వెనక బూట్లు కనపడుతూనే ఉన్నాయి. అవి కదల్లేదు.

దోబ్రోమీర్ బూట్లు తీసుకుని లేవబోయి తూలాడు. రంగెల్ ఆయన మోచేయి పట్టుకున్నాడు.

"ఎవరూ?"

"నేనేరా."

రంగెల్ ఆ చెయ్యి వదల్లేదు.

"రైలు ఎన్నింటికి?" అన్నాడు రంగెల్. అతను ఎవరినైనా ఏదైనా అడగడం నెవెనా విని చాలా కాలమైంది.

"ఏడింటికి."

"వస్తాను. పెట్టె నేను పట్టుకుంటా."

దోబ్రోమీర్ గోడ తడుముకుంటూ మలుపు తిరిగాడు. రంగెల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు. తర్వాత ఒక్కో మోకాలే వంచాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ కిటికీలో భర్త మొహం కనపడింది. నెవెనా దాన్ని కొత్త బూటు చూసినట్టు అటూ ఇటూ పరకాయించి చూసింది.

"నాదే తప్పు, నెవెనా," అన్నాడు. "కొట్టు విషయంలోనూ. వాడి విషయంలోనూ."

"నడుముకి ఆనుకునే కుర్చీ ఒకటి కొనిపెట్టు చాలు," అందామె.

అతను కుర్చీ కోసం వెళ్లాక కాలిబాట మీద నీలం దిండు మిగిలింది, దోబ్రోమీర్ మోకాళ్లు చేసిన రెండు గుంటలతో.